పిండి పీల్చే పని

తెల్లవారుజామున మూడు దాటింది. ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ కింద రెండే ఆటోలు ఉన్నాయి. యాదగిరిగుట్టకు, వరంగల్‌కు పోయే తొలి బస్సుల కోసం నలుగురైదుగురు సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడ్డారు. కాసేపట్లో వాళ్లకు చాయ్, బన్ను కావాలి. ఆ బన్ను ఇంకా పిండిగానే ఉంది. దాన్ని చూడటానికే మీరు బయల్దేరారు.

ఎన్‌జీఆర్‌ఐ ప్రహరీ పక్కగా హబ్సిగూడ దాకా వచ్చి కుడిచేతి వైపు తిరిగితే నాచారం రోడ్డు. పగలు లారీలతో, స్కూల్ బస్సులతో కిక్కిరిసే దారి ఈ వేళ ఖాళీగా ఉంది. పారిశ్రామికవాడలో ఏవో కొన్ని షెడ్లలో రాత్రి షిఫ్టు నడుస్తున్న చప్పుడు. మెయిన్ రోడ్డు వదిలి సందులోకి తిరిగాక ఇక ఎవరినీ అడగక్కర్లేదు, పులిసే పిండి వాసనే దారి చూపిస్తుంది. సగం దించిన షట్టర్ కింద నుంచి ట్యూబ్‌లైట్ వెలుతురు రోడ్డు మీద పడుతోంది. వంగి లోపలికి రండి.

ఇది ఏ ఒక్క బేకరీయో కాదు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ సందుల్లోని చిన్న బేకరీల్లో రోజూ జరిగే పనిని ఒకే గదిలోకి తెచ్చి చూస్తున్నాం. అందుకే ఇందులోని మనుషులకు పేర్లు పెట్టలేదు. పని మాత్రం ఉన్నది ఉన్నట్టే.

బస్తా మూతి

లోపల ఎనిమిది మంది. భట్టీ దగ్గర ఇద్దరు, బల్ల దగ్గర ముగ్గురు, ట్రేలు కడిగేవాడు ఒకడు, మిక్సర్ దగ్గర పట్టుమని ఇరవై ఏళ్లు లేని కుర్రాడు ఒకడు. అందరికీ పెద్ద మాస్టర్. కుర్రాళ్లు ఆయన్ని ఉస్తాద్ అంటారు. బిహార్ నుంచి వచ్చినవాళ్లూ, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ, పాలమూరు వాళ్లూ కలిసి పనిచేసే గది కాబట్టి హిందీ, తెలుగు కలగలిపి మాట్లాడుకుంటున్నారు.

మీరు మిక్సర్ పక్కన నిలబడండి. గోడకు ఆనించి 50 కిలోల మైదా బస్తాలు పేర్చి ఉన్నాయి. కుర్రాడు ఒకదాన్ని దొర్లించుకుని వచ్చి కుట్టుదారం లాగుతాడు. మూతి విప్పి, బస్తాను ఎత్తి, మిక్సర్ గిన్నె అంచుకు ఆనించి ఒక్కసారిగా వంచుతాడు.

ఇప్పుడు పిండిని కాకుండా గాలిని చూడండి. పిండి దబ్బున కింద పడగానే గిన్నెలో అప్పటిదాకా ఉన్న గాలికి చోటు పోతుంది. అది పైకి లేస్తుంది. లేస్తూ సన్నటి పిండిని వెంటేసుకుని నేరుగా కుర్రాడి ముఖం మీదికి వస్తుంది. బస్తా వంచినవాడి ముక్కు ఉండేది సరిగ్గా అక్కడే. తర్వాత అతను బస్తా అడుగున రెండు దెబ్బలు కొడతాడు, మూలల్లో ఇరుక్కున్న పిండి రాలాలి కదా. చివరికి ఖాళీ బస్తాను ఛాతీకి అదిమి గాలి తీసి మడుస్తాడు. ఆ గాలి నిండా కూడా పిండే. ఇదంతా కలిపి నిమిషం పట్టదు. ఈ రాత్రి ఇంకా చాలా బస్తాలు విప్పాలి.

మీ గొంతులో గరగర మొదలైంది. కుర్రాడు మాత్రం తుమ్మలేదు. వచ్చి కొన్ని నెలలే అయింది. ఈ జబ్బు మొదటి రోజున కనిపించేది కాదు.

గాలిలో పిండి దుమ్మును తూచడానికి ఒక పద్ధతి ఉంది. కార్మికుడి కాలరు దగ్గర చిన్న పంపు, ఫిల్టరు తగిలిస్తారు. షిఫ్టు అయ్యాక ఆ ఫిల్టరు తూచి, ఘనపు మీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో లెక్కగడతారు. బ్రిటన్‌లో 8 గంటల సగటు 10 మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం, ఏ 15 నిమిషాల్లోనైనా సగటు 30 దాటకూడదు. ఆ హద్దులోపల ఉన్నా సరే, చేతనైనంత తగ్గించాల్సిందేనని కూడా అక్కడి నియమం చెబుతుంది. అమెరికాలో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సిఫారసు చేసిన హద్దు ఇంకా చాలా కింద ఉంది: 0.5 మిల్లీగ్రాములు. పనిలో ఉన్న మనిషి ఒక షిఫ్టులో సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడని లెక్క. మొదటి హద్దు ప్రకారం రోజుకు 100 మిల్లీగ్రాముల పిండి ముక్కులోకి పోవచ్చు, రెండో దాని ప్రకారం 5. ఆ తేడా ఎందుకంటే, మొదటిది బేకరీలు అందుకోగలిగే అంకె, రెండోది ఊపిరితిత్తులు తట్టుకునే అంకెకు దగ్గర.

బస్తా వంచిన ఆ అర నిమిషం రోజు సగటులో కలిసిపోతుంది. కానీ ఒంటికి సగటుతో పనిలేదు, ఆ అర నిమిషంలో పీల్చింది పీల్చినట్టే లోపలికి పోతుంది.

మిక్సర్, చిన్న డబ్బా

కుర్రాడు అలమర నుంచి ఒక డబ్బా తీస్తాడు. చెంచాతో కొలిచి పొడి వేస్తాడు. బ్రెడ్ ఇంప్రూవర్ అంటారు. రొట్టె పొంగడానికి, మెత్తగా నాలుగు రోజులు నిలవడానికి ఇది కావాలి. మన దేశంలో ఒకప్పుడు ఇందుకు పొటాషియం బ్రోమేట్ కూడా వాడేవారు. 2016లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది. ఇంప్రూవర్ పొడుల్లో తరచుగా ఉండేది ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్. ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి దాన్ని తీస్తారు. తినేవాడికి దానితో మామూలుగా బాధ లేదు, భట్టీ వేడికి అది తన గుణాన్ని చాలావరకు పోగొట్టుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు పీల్చినవాడికి మాత్రం గోధుమ పిండి కంటే కూడా తేలిగ్గా అలర్జీ తెచ్చిపెట్టగలదు. 1980ల్లో జర్మనీ వైద్యులు బేకరీ కార్మికుల ఆస్తమాలో దీని పాత్రను పట్టుకున్నారు.

స్విచ్ వేయగానే మిక్సర్ వేగంగా తిరుగుతుంది. ఇంకా నీళ్లు పోయలేదు. పొడి పిండి మీద ఇనుప కొక్కెం గిరగిర తిరుగుతుంటే గిన్నె అంచుల మీదుగా పిండి లేస్తుంది. మూత ఉంది, గోడకు ఆనించి. మూత వేస్తే నీళ్లు పోయడానికి మళ్లీ తీయాలి, టైమ్ వేస్ట్.

ఆ పిండి ఒంట్లో చేసే పనిని ఇప్పుడు చూడాలి. గోధుమలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి ముక్కులో, శ్వాసనాళాల్లో పదే పదే పడుతుంటే కొందరి ఒంట్లో రక్షణ వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది, వాటి కోసమే ఐజీఈ అనే ప్రతిదేహాలను తయారు చేసుకుంటుంది. ఇందుకు నెలలు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా మనిషికి ఏమీ తెలియదు. ఒకసారి గుర్తు పడ్డాక కొద్దిపాటి పిండి చాలు. ముందు ముక్కు: తుమ్ములు, నీళ్లు కారడం, కళ్లు దురద. తర్వాత ఛాతీ: దగ్గు, పట్టేసినట్టు ఉండటం, పిల్లికూతలు, ఆయాసం. అందరికీ రాదు. పీల్చే పిండి పెరిగేకొద్దీ వచ్చేవాళ్లు పెరుగుతారు. ముక్కు కారే దశలోనే పట్టుకుంటే చాలామందిని ఛాతీ దాకా పోకుండా ఆపొచ్చు. కానీ బేకరీలో ముక్కు కారడాన్ని ఎవరు లెక్కచేస్తారు?

బల్ల దగ్గర

ఉస్తాద్ పఫ్‌ల కోసం పొరల పిండి వత్తుతున్నాడు. పిండి బల్లకు అతుక్కోకుండా గుప్పెడు పొడి మైదా తీసి, మణికట్టు విదిలించి విసురుతాడు. బల్లంతా సమంగా పరుచుకుంటుంది. ఇరవై ఏళ్ల చేతినేర్పు అది, చూడముచ్చటగా ఉంటుంది. సగం పిండి బల్ల మీద పడుతుంది, మిగతాది గాలిలో నిలుస్తుంది. తలమీద ఫ్యాను దాన్ని కిందికి దిగనివ్వదు.

ఉస్తాద్ దగ్గాడు. ఆగి మళ్లీ దగ్గాడు. భుజాలు పైకి లేచాయి.

“దగ్గు ఎప్పటి నుంచి ఉస్తాద్?”

“గిప్పటిదా సార్? నాలుగేండ్లాయె. సర్ది పడితే ఇడ్వది. గోలీలు మింగితే తగ్గుతది, మళ్ల షురూ అయితది.”

“దమ్ము కూడా వస్తదా?”

“పగటీలి పండుకున్నప్పుడు వస్తది. పైకి లేసి కూసోవాలె.”

“ఊరికి పోతే?”

ఆయన ముఖం విప్పారింది. “దసరాకు పోతే ఏముండది సార్! మంచిగ నిద్ర పడతది. పట్నం గాలే మంచిగ లేదు. ఈడి పొగ, ఈడి దుమ్ము… మా ఊళ్ల గట్ల కాదు.”

ఈ జవాబును కాస్త ఆగి వినాలి, రోగ నిర్ధారణ మొత్తం అందులోనే ఉంది. ఊరికి పోతే తగ్గుతుంది, వచ్చి పనిలో చేరితే తిరగబెడుతుంది. ఆయన దీనికి పట్నం గాలిని తప్పుపట్టాడు. ఊరికి పోయినప్పుడు ఆయన పట్నాన్నీ వదిలాడు, పిండినీ వదిలాడు. రెంటిలో ఏది కారణమో తేలాలంటే పట్నంలోనే ఉండి పిండికి దూరంగా కొన్ని రోజులు గడపాలి. ఉప్పల్ రోడ్డు పొగ అదే, దుమ్ము అదే. బస్తా మాత్రం ఉండకూడదు. ఆ రోజుల్లో ఛాతీ తేలికైతే దోషి దొరికినట్టే.

“వారానికి సుట్టీ ఉంటదా?”

పక్కనున్న కుర్రాడు నవ్వాడు. “బన్నుకు సుట్టీ ఉంటదా అన్నా?”

వారం సెలవు లేనివాడికి పోల్చి చూసుకోవడానికి ఒక్క రోజూ లేదు.

ఉస్తాద్‌కు మైదా మీద అనుమానం రాకపోలేదు. దాన్ని ఆయనే కొట్టిపారేశాడు. “రోజూ బన్ను తింటున్న కదా సార్. మైదా పడకుంటే తింటే కూడా పడొద్దు కదా?” తర్కం బాగానే ఉంది, ఒళ్లు మాత్రం దాని ప్రకారం నడవదు. పిండి పీలిస్తే ఆయాసపడే బేకరీ కార్మికుల్లో ఎక్కువమంది అదే పిండితో చేసిన రొట్టెను హాయిగా తింటారు. కాలిన పిండి కడుపులోకి పోవడం ఒకటి, పచ్చి పిండి శ్వాసనాళంలో పడటం ఇంకొకటి.

ఇంకో సంగతి కూడా ఆయన్ని దారి తప్పించింది. దమ్ము పనిచేసే వేళ రావడం లేదు, పగలు పడుకున్నాక వస్తోంది. పిండి పీల్చిన వెంటనే కొందరికి నిమిషాల్లో ఛాతీ పడుతుంది. మరికొందరికి నాలుగు నుంచి ఎనిమిది గంటలు పోయాక పడుతుంది, ఇంకొందరికి రెండూ. మూడింటికి బస్తా విప్పినవాడికి పదకొండింటికి, చాప మీద ఆయాసం వస్తే బస్తా గుర్తుకు రాదు. పక్కమీద దుప్పటి గుర్తుకొస్తుంది, కిటికీ లోంచి వచ్చే పొగ గుర్తుకొస్తుంది.

చాయ్ వేళ

నాలుగున్నర. భట్టీలో తొలి ట్రేలు ఎక్కాయి. లోపల 200 డిగ్రీల పైచిలుకు వేడి. స్టీలు గ్లాసుల్లో చాయ్ వచ్చింది. అందరూ షట్టర్ దగ్గరికి చేరారు. ఇక్కడ గాలి కొంచెం చల్లగా ఉంది.

“మృగశిరకు నాంపల్లి పోయిండు ఉస్తాద్, చేప మందుకు,” అన్నాడు కుర్రాడు.

జూన్‌లో మృగశిర కార్తె వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం కొరమీను పిల్లతో ఇచ్చే ప్రసాదం కోసం ఆయాసం వాళ్లు దేశం నలుమూలల నుంచీ వస్తారు. దానికి శాస్త్రీయమైన రుజువు లేదని వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ వాదన ఎలా ఉన్నా, నాంపల్లిలో మందు తీసుకున్న మనిషి ఆ రాత్రికే నాచారం వచ్చి మళ్లీ బస్తా వంచితే ఏ మందు మాత్రం ఏం చేయగలదు? డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌దైనా అదే పరిస్థితి. అది వాచిన శ్వాసనాళాలను తెరుస్తుంది, బస్తా మళ్లీ వాచేలా చేస్తుంది.

ఉస్తాద్ మెడలోని కర్చీఫ్ తీసి ముఖం తుడుచుకున్నాడు. బస్తాలు విప్పేటప్పుడు దాన్నే ముక్కుకు కట్టుకుంటానన్నాడు. ఈ ఉపాయానికి మూడు శతాబ్దాల పైబడిన చరిత్ర ఉంది. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తుల వ్యాధుల మీద పుస్తకం అచ్చు వేశాడు. ఒక్కో పనివాడి దగ్గరికీ పోయి, పని చేసే చోటే నిలబడి చూసి రాసిన పుస్తకం అది. పిండిమరలో, రొట్టెల భట్టీ దగ్గర పనిచేసేవాళ్లకు దగ్గు, ఆయాసం రావడం అందులో ఉంది. ముఖానికి గుడ్డ కట్టుకున్నా పిండి లోపలికి పోతూనే ఉంటుందనీ ఆయన గమనించాడు. రోగి చెయ్యి పట్టుకున్న వైద్యుడు అడగాల్సిన ప్రశ్నల్లో కొత్తగా ఒకదాన్ని ఆయన చేర్చాడు: నువ్వు చేసే పనేమిటి?

చీపురు

ఆరున్నర. బన్నులు, బ్రెడ్లు ఆటో ఎక్కాయి. ఉప్పల్ చాయ్ బండ్ల దగ్గరికి ఈపాటికి చేరే ఉంటాయి. రస్కులకు కోసిన ముక్కలు రెండోసారి భట్టీ ఎక్కాయి. ఇక శుభ్రం చేసే పని.

మీరు బయట నిలబడాలనుకుంటే ఇదే సమయం, ఎందుకంటే రాత్రంతా నేల మీదికి దిగిన పిండిని ఇప్పుడు చీపురు మళ్లీ పైకి లేపుతుంది. బల్ల మీద మిగిలినదాన్ని గుడ్డతో దులుపుతారు. మిక్సర్ వెనక పేరుకున్నదాన్ని గొట్టంతో గాలి కొట్టి ఊదేస్తారు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కిటికీలోంచి పడిన ఎండపట్టీలో పిండి కణాలు కనిపిస్తాయి. ఎండ పడని చోట కూడా అంతే ఉంది, కనబడదంతే. చాలామంది పిండి కార్మికులకు బస్తా వంచే పని తర్వాత ఎక్కువ దుమ్ము తగిలేది ఈ ఊడ్చే పనిలోనే.

చీపురు ఎవరి చేతిలో ఉంది? అందరికంటే చిన్నవాడి చేతిలో. బస్తా వంచిందీ వాడే, ఊడ్చేదీ వాడే. అంటే గదిలో అందరికంటే ఎక్కువ పిండి పీల్చేది అందరికంటే తక్కువ వయసున్నవాడు.

పని ముగిసింది. పై గదిలో చాపలు పరిచి ఉన్నాయి. పిండి అంటిన బనీన్లతోనే కొందరు పడుకుంటారు. పదకొండు గంటలకు ఉస్తాద్ లేచి గోడకు వీపు ఆనించి కూర్చుంటాడు. ఊపిరి వదిలేటప్పుడు సన్నటి కూత మీకు కూడా వినిపిస్తుంది.

ఓపీ చీటీ

సాయంత్రం ఉస్తాద్ గల్లీలోని క్లినిక్కుకు వెళ్లాడు. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గతంలో తీసిన ఎక్స్‌రే బాగానే ఉంది, ఆస్తమాలో తరచూ అలాగే ఉంటుంది. కళ్లె పరీక్షలో క్షయ లేదు. చీటీ మీద పేరు, వయసు, ఆస్తమా అని రాసి ఉంది. దాని కింద రెండు ఇన్‌హేలర్లు, ఒక గోలీ. దుమ్ముకు దూరంగా ఉండమన్న సలహా కూడా. ఉస్తాద్ తల ఊపాడు. రోడ్డు మీద దుమ్మనుకున్నాడు.

చీటీలో ఎక్కడా ఆయన పని లేదు. డాక్టరు అడగలేదు, ఈయన చెప్పలేదు. బేకరీకీ క్లినిక్కుకూ మధ్య దూరం నడిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో రోగం మిగిలింది, కారణం జారిపోయింది.

ఇది అరుదైన జారుడు కాదు. పెద్దయ్యాక వచ్చే ఆస్తమాలో సుమారు 16 శాతానికి పనిచేసే చోటు కారణమని అమెరికా, యూరప్‌ల శ్వాసకోశ వైద్య సంఘాలు 2019లో కలిసి ప్రకటించాయి. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు. పిండి దుమ్ము అలాంటి కారణాల్లో మొదటి వరుసలో ఉంటుంది.

ఒక్క ప్రశ్న పడి ఉంటే దారి మారేది. “సెలవు రోజుల్లో తగ్గుతుందా?” అవునంటే, కొన్ని వందల రూపాయలకు దొరికే పీక్ ఫ్లో మీటరు చేతికిచ్చి పని రోజుల్లో, సెలవు రోజుల్లో రోజుకు కనీసం నాలుగుసార్లు ఊదించి అంకెలు రాయిస్తారు. రెండు నుంచి నాలుగు వారాల అంకెలను గీతగా గీస్తే పని రోజుల్లో గీత కిందికి జారడం కంటికే కనిపిస్తుంది. గోధుమ, అమైలేజ్ అలర్జీకి చర్మం మీదో, రక్తంలోనో చేసే పరీక్ష దాన్ని ఖాయం చేస్తుంది. తొందరగా పట్టుకుని పిండికి దూరం చేస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. ఆయాసంతోనే ఏళ్లు పనిచేస్తే, ఆ తర్వాత బేకరీ మానేసినా ఆస్తమా మిగిలిపోవచ్చు.

ఆ చీటీ మీద పని పేరు రాయడంలో వైద్యం ఒక్కటే లేదు, హక్కు కూడా ఉంది. నాచారంలోనే ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్నవాళ్లు ఈఎస్‌ఐ కిందికి వస్తారు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం తన వృత్తి వ్యాధుల జాబితాలో పనిలో వాడే పదార్థాల వల్ల వచ్చే ఆస్తమాకు చోటిచ్చింది. ఉద్యోగుల పరిహార చట్టంలోనూ అదే జాబితా ఉండేది. 2025లో వాటి బదులు వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ అది కొనసాగింది. అలాంటి పనిలో కనీసం ఆరు నెలలు ఉన్నట్టు తేలాలి. చీటీ మీద ఆస్తమా అని మాత్రమే ఉంటే ఆ జాబితా తలుపు తెరుచుకోదు.

మనం చూసిన గదిలో ఉన్నది ఎనిమిది మంది. పదికి రెండు తక్కువ. ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ దుమ్ము పుట్టినచోటే, వీలైనంత దగ్గరగా, దాన్ని లాగేసే ఏర్పాటు ఉండాలంది. ఆ చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటే వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో అలాంటి చోటు ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 20 మంది ఉండాలి. చిన్న బేకరీ ఫ్యాక్టరీ లెక్క నుంచి ఇంకాస్త దూరం జరిగింది.

అదే రాత్రి, ఇంకోలా

చట్టం రానిచోట కూడా చేతులు మారొచ్చు. మళ్లీ మిక్సర్ దగ్గరికి రండి. ఈసారి బస్తా మూతి మీరే విప్పండి.

ముందు గిన్నెలో నీళ్లు పోయండి. బస్తాను ఎత్తకండి. దాని మూతిని గిన్నె లోపలికి, అడుక్కి దగ్గరగా దించి, మెల్లగా వంచుతూ పిండిని జారనివ్వండి. ఎంత ఎత్తు నుంచి పడితే అంత లేస్తుంది. ఖాళీ బస్తాను కొట్టొద్దు, ఛాతీకి అదమొద్దు. మూతి దగ్గర నుంచి నెమ్మదిగా చుట్టేయండి. మూత వేయండి. పిండి తడిసేదాకా మిక్సర్‌ను తక్కువ వేగంలోనే తిప్పండి. ఇంప్రూవర్ పొడి బదులు ముద్దగానో నూనెలో కలిపిందో దొరికితే అదే తెప్పించమని యజమానికి చెప్పండి.

బల్ల దగ్గర గుప్పెడు విసరడం మానండి. చిల్లుల డబ్బాను బల్లకు దగ్గరగా పట్టుకుని, కావలసినచోటే చల్లండి. బన్నుల పిండి అతుక్కోకుండా పిండికి బదులు కాస్త నూనె రాసినా సరిపోతుంది. నేరుగా బల్ల మీదికి కొట్టే ఫ్యాను ముఖం తిప్పండి.

చీపురు పక్కన పెట్టండి. హెపా ఫిల్టరున్న వాక్యూమ్ కొనగలిగితే మంచిది. లేకపోతే ముందు గీకుడు బద్దతో పిండిని మెల్లగా ఒక పక్కకు చేర్చి ఎత్తేయండి, తర్వాత తడిగుడ్డ పెట్టండి. గాలి కొట్టడం పూర్తిగా మానాలి.

కర్చీఫ్ సన్నటి పిండిని ఆపదు. బస్తా విప్పే నిమిషాలకు, ఊడ్చే నిమిషాలకు ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్క్ వాడండి. భట్టీ వేడిలో రాత్రంతా దాన్ని పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు, అక్కర్లేదు కూడా. దుమ్ము లేచే పనుల్లో మాత్రం తప్పదు. పని అయ్యాక బనీను మార్చుకుని పడుకోండి.

చూశారు కదా, వాక్యూమ్ తప్ప ఇందులో ఖరీదైనది లేదు. మిక్సర్ మీద దుమ్ము లాగే గొట్టం పెట్టడం ఇంకా మంచిది, దానికి డబ్బు కావాలి. మిగతావి అలవాట్లు. కుర్రాడికి నేర్పాల్సింది ఉస్తాద్. కాస్త నెమ్మదిగా చేసినా పర్వాలేదని ఉస్తాద్‌కు చెప్పాల్సింది యజమాని.

ఉప్పల్‌లో చాయ్‌తో బన్ను తినేవాళ్లం మనం. మన బేకరీ యజమానిని ఒక మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు: మిక్సర్‌కు మూత వేస్తున్నారా, పనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవిస్తున్నారా? బేకరీలో పనిచేసే తమ్ముళ్లకు, అన్నలకు ఇంకో మాట. ఆరు నెలలుగా ముక్కు కారుతున్నా, దగ్గు వదలకపోయినా, పగటి నిద్రలో దమ్ము వస్తున్నా వచ్చే నెల దాకా ఆగకండి. ఆస్పత్రిలో డాక్టరు అడిగినా అడగకపోయినా మీరే చెప్పండి: “నేను బేకరీల పని చేస్త, రోజూ మైదా బస్తాలు విప్పుత. సుట్టీ ఉంటే తగ్గుతది.” ఆ మాటలు చీటీ మీద రాయించుకునే బయటికి రండి.